బోల్టు కుడివైపే ఉంటుంది

డిగ్లీపూర్,
9-5-1966.

బావమరిది సత్యారావుకు,

ఇన్నాళ్లూ ఓడ మీద వచ్చిపోయేవాళ్ల నోట కబురు పంపేవాళ్లం. ఈ కబురు నోటితో పంపితే మిడిల్ పాయింట్‌లో నీ దగ్గరికి చేరేలోపు పది రకాలవుతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. జింకలు మాకంటే బాగున్నాయి. సర్కారు మాకిచ్చిన ఐదెకరాల్లో రెండేళ్లుగా పండిందంతా అవే తిన్నాయి. ఎప్పుడో తెల్లదొరలు వేట సరదాకి నాలుగు జింకల్ని తెచ్చి ఈ దీవుల్లో వదిలారట. ఇక్కడ పులీ లేదు, చిరుతా లేదు. వాటిని తినేవాళ్లు లేరు, అవి తినడానికి మేమున్నాం. డబ్బాలు వాయించాం. కుక్కని పెట్టాం. మా పాత వలలన్నీ తీసి పొలం చుట్టూ కట్టాం. వలలో చిక్కింది పక్కింటి బెంగాలీ వాళ్ల ఆవు.

మొన్న తహసీలు మనిషి వచ్చి చూసి, పంట లేదంటే సాగు లేనట్టేనని, ఈసారి కూడా ఇంతే అయితే భూమి ఇంకొకరి పేర రాసేస్తారని చెప్పి వెళ్లాడు. అందుకని మాకు ఒక తుపాకీ కావాలి. పంట కాపలాకని అడిగితే లైసెన్సు ఇస్తారట. ఇక్కడ ఒకాయన దగ్గర ఒంటిగొట్టం తుపాకీ ఉంది. అది ఒకసారి పేలాక రెండో తూటా పెట్టుకునేలోపు మందంతా అడవి చేరి నెమరు వేస్తుంది. బోల్టు లాగి కొట్టే రైఫిలు అయితే లోపల వరసగా తూటాలుంటాయని విన్నాను. అలాంటిది చూడు. చవకగా ఉండాలి, బరువు తక్కువ ఉండాలి, భుజానికి ఆనించే కర్ర పొట్టిగా ఉండాలి. తన్నుడు తక్కువైతే మరీ మంచిది. నువ్వు ఓడల వర్క్‌షాపులో స్టోరు చూసేవాడివి, ఇనుము సంగతి నీకు తెలుస్తుంది.

మీ అక్క గురమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

మీ బావ,
అప్పలరాముడు.

*

మిడిల్ పాయింట్, పోర్ట్ బ్లెయిర్,
2-6-1966.

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. ప్రతి వరసా ఎవరో గుడ్డ పెట్టి తుడిచినట్టు అలికిపోయి ఉంది. నీ చెయ్యి తెడ్డు పట్టడానికి పుట్టింది గానీ కలం పట్టడానికి కాదని ఊరికే అనేవాణ్ణి, ఇప్పుడు రుజువు కూడా పంపించావు.

ఇక నీ తుపాకీ. ఆరడుగుల మనిషివి. బరువు తక్కువ, కర్ర పొట్టి, తన్నుడు తక్కువ. నువ్వు అడుగుతున్నది రైఫిలా, తీర్థంలో బుడగలు పేల్చే తుపాకీయా? నీ షరతులు మా స్టోరులో చదివి వినిపిస్తే ఇద్దరు ఖలాసీలు నవ్వలేక కూలబడ్డారు.

మీవాళ్లు ఏడు తరాలు సముద్రం మీద బతికారు. నువ్వు సముద్రం మీద అలిగి నాగలి పట్టావు. ఇప్పుడు నాగలి కుదరక తుపాకీ పడతానంటున్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సేద్యం చేతకాక జింకల మీద పెడుతున్నావు. నా మాట విను. ఆ పొలం ఎవరికి కావాలో వాళ్లకి వదిలేసి అందర్నీ తీసుకుని వచ్చెయ్. మా వర్క్‌షాపులో చౌకీదారు పని ఖాళీగా ఉంది. కాళ్లు చాపుకుని కూర్చునే ఉద్యోగం.

ఈ ముక్క మాత్రం అక్కకి చదివి వినిపించకు. ఏడుస్తుంది. అక్కకి ఆ పొలమంటే పిచ్చి. అక్షరం ముక్క రాని మనిషి, లోకం తీరు ఎలా తెలుస్తుంది? మగవాళ్లం మనిద్దరం తేల్చుకుందాం.

అయినా అడిగావు కాబట్టి వచ్చే ఆదివారం ఫెరార్గంజ్ బస్సెక్కి గురునాథం మామ దగ్గరికి వెళతాను. ముప్పై ఏళ్లు పోలీసుల ఆయుధాల గదిలో తుపాకులు విప్పి బిగించిన మనిషి. ఇప్పుడు అరటితోట వేసుకుని, దారిన పోయేవాళ్లని తిడుతూ కాలక్షేపం చేస్తున్నాడు. నిన్ను తిట్టడానికి ఆయనకి ఒక కారణం దొరికినట్టవుతుంది.

సత్యారావు.

*

డిగ్లీపూర్,
28-6-1966.

సత్యారావుకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ ముక్క మీ అక్కకి చదివి వినిపించలేదు.

చౌకీదారు పని అన్నావు. అక్కడ నేను వేటికి కాపలా, మీ స్టోరులో మరమేకులకా? కాపలా కాయడానికి నాకు ఇక్కడ పొలం ఉంది. పుట్టింది ఈ దీవుల్లోనే అయినా నువ్వు జింకని చూసింది అబర్డీన్ బజారులో కసాయి కొక్కేనికి వేలాడుతున్నప్పుడే. ఒకసారి వచ్చి చూడు. నాట్లు వేసిన మర్నాడు చీకటి పడే వేళకి దిగుతాయి. నాటినవాళ్లకంటే ఒద్దికగా వరస తప్పకుండా నడుస్తూ పీకుతాయి. నీలాంటి గుమాస్తా వాటికి పైన ఎవరో ఉన్నాడేమోననిపిస్తుంది.

పొలమంటే పిచ్చి అని తేలిగ్గా రాసేశావు. అడవి కొట్టి, మొద్దులు పెకలించి, జలగలు పీక్కుంటూ ఈ నేల చేసుకోవడానికి నాలుగేళ్లు పట్టింది. అక్కడ మీ నాన్న ఇల్లు సర్కారు క్వార్టరు, ఉద్యోగం అయిపోగానే సామాను బయట పెట్టారు. సముద్రానికి అటు ఒడ్డున, దేశంలో, మావాళ్ల గుడిసె ఇసక మీద, తుపానుకో చోటికి మారేది. మాది అని కాలు ఆనించిన మొదటి చోటు ఇదే. ఇది పోతే నాకు బతకాలని ఉండదు. ఇలాంటి మాట నీకు రాయాల్సి వచ్చినందుకు సిగ్గుగా ఉంది.

ఇంకొక్క సంగతి కనుక్కో. బోల్టు లాగే పిడి ఎడమపక్కన ఉండే రైఫిలు ఎక్కడైనా దొరుకుతుందా? వలలు లాగి లాగి కుడిభుజం పట్టేసింది, అందుకని.

అప్పలరాముడు.

*

మిడిల్ పాయింట్,
20-7-1966.

బావకు,

గురునాథం మామ ముందు టీ ఇచ్చాడు, తర్వాత తిట్టాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల అమ్మకానికి ఉన్నవి మూడేనట.

ఒకటి కలప కంపెనీ దొర వదిలివెళ్లిన రైఫిలు. కర్ర మీద లేడిబొమ్మ చెక్కి ఉంది. నాకు చూడగానే నచ్చింది. మామ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. "ఆ బొమ్మకే సగం దర ఎట్టుంటాడు. దీని తూటాలు ఈ ముల్కులో దొరకవు బాబూ. ఉన్నయి అయిపోనాక దీంతోటి పప్పు ఎనుపుకోవాల" అన్నాడు.

రెండోది చిన్నది, ఇరవై రెండు బోరు. నీ షరతులన్నీ దీనికి సరిపోతాయి. తేలిక, పొట్టి, తన్నదు. నేనదే తీసుకుందామన్నాను. మామ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇది కాకుల్ని తోల్డానికి. జింకకి తగిలితే సావదు, దెబ్బతోటి అడివిలోకి పోయి నాలుగురోజులు బాదపడి సస్తాది. ఐసా కామ్ మత్ కరో, అసుమంటి పని సెయ్యకు, పాపం" అన్నాడు.

మూడోది మన సర్కారు ఫ్యాక్టరీలో చేసిన మూడువందల పదిహేను బోరు రైఫిలు. ఫెరార్గంజ్ రైతు ఒకడు ఓడెక్కి దేశం వెళ్లిపోతూ చవకగా అమ్ముతున్నాడు. చూడ్డానికి కావడిబద్దలా ఉంది. బరువు, తన్నుడు, రెండూ ఉన్నాయి. "అందం లేదు. కానీ పేలుద్ది. వానలో పేలుద్ది, ఎండలో పేలుద్ది. తూటాలు లైసెన్సు సూపిస్తే ఇక్కడే దొరుకుతాయి. కర్ర పొడుగైతే అంగుళం కోయించుకోమను" అన్నాడు.

ఇక నీ ఎడమపక్క బోల్టు. అడిగినందుకు నా పరువు పోయింది. "ఎవడా పుర్రసేతోడు?" అని మామ తోటలో పనివాళ్లందరికీ వినబడేలా నవ్వాడు. బోల్టు కుడివైపే ఉంటుంది బావా. భుజం పట్టేసినవాడు ఆముదం రాసుకుంటాడు గానీ తుపాకీని తిరగేసి చెయ్యమనడు. చిన్నప్పుడు అక్కకి ఈ ఎడమచేతి తిక్క ఉండేది. నాన్న ఆ చేతిని కొబ్బరితాడుతో వెనక్కి కట్టేసి మాన్పించాడు. అక్క ఎడమచేత్తో ఏది ముట్టుకున్నా పరిగెత్తుకెళ్లి నాన్నకి చెప్పడం నా ఉద్యోగం, చెప్పినప్పుడల్లా ఒక బెల్లం ముక్క నా జీతం. ఇప్పుడు చూడు, శుభ్రంగా కుడిచేత్తో వడ్డిస్తుంది. నీ భుజానికి కూడా అలాంటి వైద్యమే కావాలి.

మూడింట్లో ఏది కావాలో రాయి. సిరా అలకకుండా రాయి.

సత్యారావు.

*

డిగ్లీపూర్,
14-8-1966.

సత్యారావుకు,

మూడోదే పంపించు. బొమ్మ చెక్కిన తుపాకీని చూసి జింకలు ముచ్చటపడవు. చిన్న తుపాకీ గురించి మీ మామ చెప్పింది నిజం. చంపాల్సి వస్తే ఒక్క దెబ్బకి చంపాలి, బాధపెట్టి పంపేది మాకొద్దు. బరువంటావా, మోయగలం. తన్నితే తంతుంది. అంతకంటే గట్టిగా తన్నినవాళ్లని చూశాం.

కొబ్బరితాడు మచ్చ మీ అక్క ఎడమ మణికట్టు మీద ఇంకా ఉంది. నువ్వు రాసినదాన్ని బట్టి అది నీకు నవ్వులాటగా గుర్తున్నట్టుంది. నాకు కాదు.

దరఖాస్తు మీద వేలిముద్ర వేసి పంపుతున్నాను. పేరు రాయలేదేమని అడుగుతావు. అలికేస్తానని భయపడ్డాను.

అప్పలరాముడు.

*

మిడిల్ పాయింట్,
10-9-1966.

బావకు,

గత ఉత్తరంలో అంత ముఖం ముడుచుకోవాల్సిన పని లేదు. పాతమాట, సరదాకి రాశాను.

లైసెన్సు వచ్చింది, నీ పేరు మీద. ఆఫీసులో ఒక గుమాస్తా "చూపు ఎలా ఉంది మనిషికి?" అని అడిగాడు. మా బావది డేగచూపు, పడవ మీద నిలబడి నీళ్లలో చేపని చూసే మనిషి అని నేనే కాగితం రాసి సంతకం చేశాను. నా మాట పోనివ్వకు. ఇద్దరూ కాల్చకూడదు, అందరూ ముట్టకూడదు. లైసెన్సులో పేరున్నవాడే కాల్చాలి. ఇంకెవరు కాల్చినట్టు తెలిసినా రైఫిలు ఠాణాలో పెట్టుకుంటారు, నన్ను కూడా పిలుస్తారు.

రైఫిలు ఓడ మీద మీ డిగ్లీపూర్ ఠాణాకి చేరుతుంది. లైసెన్సు ఇందులో పెట్టాను, చూపించి తీసుకో. మామ దాన్ని విప్పి తుడిచి, కర్ర అంగుళం కోయించి, "పొట్టిగా ఉండాలన్న ఆ పొడుగు మనిషికి నా సలాం చెప్పు" అన్నాడు. నూనె సీసా కూడా పెట్టాడు. తేమ తగలకుండా చూసుకో. ఇంత చెప్పినా నువ్వు ఏదో ఒకటి చేస్తావని నాకు గట్టి నమ్మకం.

సత్యారావు.

*

డిగ్లీపూర్,
8-10-1966.

సత్యారావుకు,

నీ నమ్మకం నిలబెట్టాం.

రైఫిలు బాగానే వచ్చింది. మా అత్త (కొట్టివేత) మా అమ్మ తాతమ్మ దాన్ని చూసి కొత్త వల వచ్చినంత సంబరపడింది. మా ఇళ్లలో కొత్త వలకి పసుపురాసి బొట్టుపెట్టి, ముందు సముద్రం నీళ్లు తాగించి గానీ వాడరు. మేమందరం కలుపు తీయడానికి వెళ్లి వచ్చేసరికి ఆ పని చేసేసింది. గొట్టం నిండా సముద్రం నీళ్లు పోసి, వసారాలో దండెం మీద ఆరేసింది. "గంగమ్మ నీల్లు తాగని సరుకు మనింట పని సెయ్యదురా" అంటుంది. అప్పటికే ఒక పగలు గడిచింది. మీ మామ నూనె సీసా ఎంత రాసినా ఇప్పుడు బోల్టు రాదు. గొట్టంలోకి చూస్తే ఎర్రగా ఉంది.

ఆమెను ఏమీ అనలేకపోతున్నాం. పూజ చేశానని రోజూ ఉపవాసం ఉంటోంది. పైగా కొత్త షరతు పెట్టింది. ఆడవాళ్లు వల దాటితే చేప పడదని మాకు పట్టింపు. అందుకని ఇంట్లో ఆడవాళ్లెవరూ రైఫిలు దాటకూడదట, దాని పక్కకి కూడా రాకూడదట.

పైరు ఎదిగింది. నెలరోజుల్లో గింజ పాలు పోసుకుంటుంది. నిన్న సాయంత్రం గట్టు మీద పద్నాలుగు జింకల్ని లెక్కపెట్టాం. నువ్వు ఎంతైనా నవ్వుకో, కానీ ముందు మామని అడిగి ఏం చెయ్యాలో రాయి. ఈ పంట పోతే మాకు ఇంకో పంట లేదు.

అప్పలరాముడు.

*

మిడిల్ పాయింట్,
20-10-1966.

అక్కకు,

అవును, నీకే రాస్తున్నాను.

ఉత్తరం అందిన రోజే ఫెరార్గంజ్ వెళ్లాను. సముద్రం నీళ్ల సంగతి మామకి చదివి వినిపించి కడుపుబ్బ నవ్వించాలనుకున్నాను. ఆయన నవ్వలేదు. కాగితం ఇలా ఇమ్మని లాక్కుని, వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇది మీ బావ రాసినాడా?" అన్నాడు. అవునన్నాను. "సిరా సూడు. కుడిసేతోడు రాస్తే రాసిన అచ్చరం మీద సెయ్యి పడదు. ఈళ్ల సెయ్యి రాసిందాని మీదే పాక్కుంటా పోనాది. ఇది ఎడం సేత్తో రాసిన సిట్టీ. పొట్టి కర్ర, ఎడం పక్క బోల్టు. తుపాకీ పట్టేది కూడా ఈ సెయ్యే" అన్నాడు. తర్వాత ఒక వరస మీద వేలు పెట్టాడు. తాతమ్మని 'మా అత్త' అని రాసి, కొట్టేసి, 'మా అమ్మ' అని రాసి ఉంది. "మీ బావకి కన్నతల్లి అత్త ఎప్పుడయినాది?" అని అడిగాడు.

నేను రోజూ వంద కాగితాలు చూసి సంతకం పెట్టే స్టోరుకీపర్ని. ఐదు నెలలుగా ఆ సిరా చూసి నవ్వాను. అక్కకి చదివి వినిపించకు అని అక్కకే రాశాను. బెల్లం ముక్క కథ నీకే చెప్పాను, అదేదో గొప్పలాగా. బస్సులో తిరిగి వస్తూ అన్ని ఉత్తరాలూ తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నన్ను నేను తిట్టుకుంటే నీకు పని తగ్గిపోతుంది, అందుకని ఆపుతున్నాను.

ముందు రైఫిలు. బోల్టు చుట్టూ నూనె పోసి ఒక పూట నాననిచ్చి, చెక్కసుత్తితో మెల్లగా తట్టు, వస్తుంది. గొట్టంలో మరిగే నీళ్లు పోసి కడుగు. మంచినీళ్లు, తాతమ్మకి అప్పగించకు. వేడి మీదే గుడ్డతో ఆరేదాకా తుడిచి నూనె రాయి. ఈ ఉత్తరంతో ఇంకో సీసా పంపుతున్నాను. ఒక్కరోజు తుప్పుకి ఆ రైఫిలు చావదని మామ మాట ఇచ్చాడు.

రెండోది నీ చెయ్యి. మంచె అంచున ఇసకసంచి పెట్టి, రైఫిలు దాని మీద పడుకోబెట్టు. ఎడమభుజానికి ఆనించి ఎడమచేత్తో ట్రిగ్గరు నొక్కు. బరువు సంచి మోస్తుంది కాబట్టి కుడిచెయ్యి ఖాళీ. దానితో బోల్టు లాగు. కుడిచేతివాడు ప్రతి తూటాకీ ట్రిగ్గరు వదిలి, బోల్టు లాగి, మళ్లీ గురి వెతుక్కోవాలి. నీకు ఆ బాధ లేదు. "బోల్టు కుడిపక్కనుండడమే ఆయమ్మకి మేలు" అన్నాడు మామ.

ఇంత చెప్పాక అడుగుతున్నాను. బావకి ఏమైంది? నేను డేగచూపు అని సంతకం చేసిన మనిషికి ఏమైంది?

సత్యారావు.

*

డిగ్లీపూర్,
2-11-1966.

తమ్ముడికి,

తెలిసిందన్నమాట. అదీ నీకు తెలియలేదు, ఇంకొకరు చూపిస్తే తెలిసింది. ఫరవాలేదు, స్టోరుకీపరు ఉద్యోగానికి అంత చూపు చాలు.

మీ బావకి రెండు కళ్లకీ పొర కమ్మింది. పోయిన ఏడు వానలప్పుడు మొదలైంది. ఇప్పుడు వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషీ చెట్టూ తేడా తెలియదు. ఒకరోజు పొలంలో జింకని మన ఎద్దనుకుని పేరు పెట్టి పిలిచాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వి, తర్వాత గట్టు మీద కూర్చున్నాడు. "నా కల్లు పోనాయని తెలిస్తే ఈ బూవి గుడ్డోడి బూవంతారే. ఒగ్గేసి పొమ్మంతారు. మీ తమ్ముడే ముందంతాడు. ఎవుళికీ సెప్పకు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. నువ్వు ఆ మాటే అన్నావు, కళ్లున్న మనిషి అనుకునే అన్నావు. అందుకని ఆయన పేరుతో రాశాను. ఉత్తరాల్లో సగం మాటలు ఆయనవి. తిట్లు మాత్రం అన్నీ నావే.

అక్షరం ముక్క రాని మనిషినన్నావు. నువ్వు పలక మూలపడేసి గోలీలాటకి పారిపోయినప్పుడు దాని మీద దిద్దుకున్నది నేనే, ఎడమచేత్తోనే. అది ఒక్కటీ నువ్వు చూడలేదు. చూసి ఉంటే ఇంకో బెల్లం ముక్క వచ్చేది.

మామ చెప్పినట్టే చేశాం. బోల్టు వచ్చింది. ఇసకసంచి మీద పెట్టి కొబ్బరిడొక్కని కొట్టాను. మొదటి రెండూ తప్పాయి, తర్వాత మూడూ తగిలాయి. భుజం నల్లగా కమిలింది. ఆయన పక్కన కూర్చుని శబ్దం విని ఎక్కడ తగిలిందో చెబుతాడు. జింక ఆకు తొక్కినా ఏ పక్కనుంచో చెప్పేస్తాడు. సముద్రంలో చీకట్లో చేపల మంద చప్పుడు విన్న చెవులు. ఆయన చెవీ నా చెయ్యీ కలిస్తే ఒక వేటగాడికి సరిపోతాం.

కానీ లైసెన్సులో ఉన్నది ఆయన ఒక్కడి పేరే. ఇక్కడ ప్రతి ఇంటికీ పక్కింటి పొలం మీద కన్నుంది. గుడ్డివాడి తుపాకీ ఆడది కాలుస్తోందని ఒక్కరు ఠాణాలో చెబితే రైఫిలూ పోతుంది, గింజ పాలు పోసుకునే వేళకి పంటా పోతుంది. పంట కాపలా లైసెన్సులో ఇంట్లో ఇంకొకరి పేరు చేర్చుకోవచ్చట కదా. నేను అడిగేది ఒక్కటే. చిన్నప్పుడు నా చెయ్యి గురించి చాడీ చెప్పడానికి పరిగెత్తేవాడివి. ఇప్పుడు కూడా వెళ్లు. ఆఫీసులో పదిమందీ వినేలా చెప్పు, మా అక్కది ఎడమచెయ్యి, కాల్చేది ఆవిడ, ఆవిడ పేరు రాయండి అని.

అప్పటిదాకా డొక్కని కూడా కొట్టను. జింకలు తింటుంటే చూస్తూ కూర్చుంటాను.

అక్క,
గురమ్మ.

*

మిడిల్ పాయింట్,
16-11-1966.

అక్కకు,

చెప్పాను. పదిమంది కాదు, వరండాలో పాతికమంది ఉన్నారు.

ముందు డేగచూపు కాగితం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తెలియక రాశానని, తప్పేనని ఇంకో కాగితం రాసిచ్చాను. అంతకుముందు నా వెనకాల నిలబడ్డవాడికి ఫారం ఎలా నింపాలో నేర్పుతూ గొప్పలు పోయాను, వాడి ముందే. గుమాస్తా కళ్లజోడు పైకి తోసి "ఔరత్? వో భీ బాయే హాథ్ సే?" అన్నాడు. ఆడది, పైగా ఎడమచేతిదా అని. వరండా నవ్వింది. అచ్చంగా నేను నవ్వే నవ్వే. దాన్ని బయటినుంచి వినడం నాకు ఇదే మొదటిసారి, బాగాలేదు.

"జీ సాబ్, ఎడం సేత్తోనే. మా నాన్న కట్టేసినా ఆగలేదు. పేరు రాసి చూడండి, మూడు తూటాలకి మూడూ కొడుతుంది. మీలో ఎవరైనా వస్తారా?" అన్నాను. మొదటి రెండూ తప్పిన సంగతి చెప్పలేదు. గురునాథం మామ కూడా అరటిగెల భుజాన వేసుకుని వచ్చి సాక్షి సంతకం పెట్టాడు.

కొత్త లైసెన్సు ఇందులో పెట్టాను. రెండో పేరు చూసుకో, గురమ్మ, అప్పలరాముడి భార్య. ఠాణాలో చూపించాకే రైఫిలు పట్టు. కోతలవగానే బావని తీసుకురా. ఇక్కడి ఆసుపత్రిలో ఆ పొర తీస్తారట, డాక్టరుతో మాట్లాడాను. మా ఇంట్లో ఉందురు గాని. ఇది వచ్చేయమని చెప్పడం కాదు. వచ్చి వెళ్లమని.

చాడీ చెప్పాను కదా, నా జీతం ఏది?

సత్యారావు.

*

డిగ్లీపూర్,
8-1-1967.

తమ్ముడికి,

కోత అయింది. నూర్పు కూడా అయింది. తహసీలు మనిషి వచ్చి, గడ్డివాము చుట్టూ తిరిగి, ధాన్యంలో చెయ్యి పెట్టి చూసి, సాగులో ఉంది అని రాసుకుపోయాడు. రాసిన కాగితం నాకు చదివి వినిపించబోయాడు. ఇలా ఇవ్వండి అని నేనే చదువుకున్నాను.

నీ కాగితం వచ్చిన రోజే ఠాణాలో చూపించి, ఆ సాయంత్రం మంచె ఎక్కబోతే తాతమ్మ నిచ్చెనకి అడ్డంగా కూర్చుంది. ఆడది ముట్టిన వల అంటూ మొదలుపెట్టింది. మీ బావ ఏదో అనబోయాడు. అప్పుడే అవతలి మడిలో అవి దిగిన చప్పుడు. ముసలమ్మ తల తిప్పి చూసింది. తను నాటిన మడి అది. కాసేపు చూసి, లేచి నిచ్చెన వదిలేసింది. "వల దాటకూడదన్నారు గానీ ఇసరకూడదని నాకెవుళూ సెప్పలేదు. ఎక్కు" అంది.

ఆయన పడమటిపక్క అని నా మోచెయ్యి తట్టాడు. ముందున్న మగజింక పడింది, ఒకే దెబ్బకి. బోల్టు లాగి ఇంకొకటి గాలిలోకి కాల్చాను. మిగతావి వెళ్లిపోయాయి, వారం దాకా రాలేదు. ఈ నెలన్నరలో మూడింటినే కొట్టాను. మొదటిదాని దగ్గరికి వెళ్లి చూస్తే దాని కళ్లు ఇంకా తడిగా ఉన్నాయి, ఏడ్చాను. ఈ సంగతి కూడా మీ స్టోరులో చదివి వినిపించి నవ్వుకో.

కొత్త వలకి పడ్డ మొదటి చేప అమ్మకూడదు కదా. దీన్ని కూడా అమ్మలేదు. వలకో పాలు, పడవకో పాలు అని వాటా తీసినట్టే తాతమ్మ కూర్చుని పాలు వేసింది. ఆవు చిక్కిన బెంగాలీ వాళ్లకి ఒక పాలు. తుపాకీ ఎంచినవాళ్లకి ఒక పాలు, అది నీకూ మామకూ. చేపని ఎండబెట్టినట్టు ఉప్పురాసి దండెం మీద ఎండబెట్టింది, ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. కంపు కొడుతోందని పారెయ్యకు, నానబెట్టి వండుకో.

వచ్చే ఓడకి బయలుదేరుతున్నాం. ఆయనకి ఆసుపత్రి అంటే భయం, చూపు వస్తే నా రాత చూడాల్సి వస్తుందని వంక పెడుతున్నాడు. పొర తీసినా తీయకపోయినా మళ్లీ నాట్ల వేళకి మేము ఇక్కడ ఉంటాం.

ఎండుమాంసం మూట మధ్యలో చిన్న పొట్లం ఉంటుంది, విప్పి చూడు. బెల్లం ముక్క. నువ్వు చెప్పిన చాడీలన్నిట్లో నేను జీతం ఇవ్వాలనుకున్నది ఈ ఒక్కదానికే.

ఈ ఉత్తరం కూడా అలికింది. నిదానంగా చదువుకో.

అక్క,
గురమ్మ.